గోల్ఫ్ స్వింగ్‌లో చేతులా, ఒళ్లా? ముందు మీ గ్రిప్ చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు 38, ఎనిమిది నెలలుగా గోల్ఫ్ ఆడుతున్నారు, అంతకుముందు పదేళ్లు లీగ్ క్రికెట్ ఆడారు. ఏడో నంబర్ ఐరన్ అనే క్లబ్‌తో (గోల్ఫ్ కర్రని క్లబ్ అంటారు) కొడితే బంతి నేరుగా ఎడమకి పోతోంది. అన్నిటికంటే పొడుగైన క్లబ్, డ్రైవర్‌తో కొడితే కుడికి వంపు తిరిగి (దీన్నే స్లైస్ అంటారు) చెట్లలో పడుతోంది. నేర్పే ఆయనేమో "చేతుల సంగతి మర్చిపో, ఒళ్లు తిప్పు" అన్నారు. మీతో ఆడే పెద్దాయన "చేతులు తిప్పకపోతే బంతి నేరుగా ఎలా పోతుంది" అన్నారు. మొదటి మాట విని నడుం గట్టిగా తిప్పడం మొదలుపెట్టాక స్లైస్ ఇంకా పెరిగింది, నడుం ఎడమవైపు పట్టేస్తోంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలని అడిగారు.

ఇద్దరూ తప్పు చెప్పలేదండీ. కానీ ఇద్దరూ మీ గ్రిప్ సరిగ్గా చూడకుండానే చెప్పారనిపిస్తోంది. స్వింగ్‌లో చేతులు ఎంత పని చెయ్యాలి, ఒళ్లు ఎంత తిరగాలి అనేది అందరికీ ఒకే లెక్క కాదు. క్లబ్ ఎలా పట్టుకున్నారు, బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్‌ని వెనక్కి ఎత్తేటప్పుడు, పైకి వెళ్లేసరికి ఎడమ మణికట్టు ఎలా ఉంది, వీటిని బట్టి ఆ లెక్క మారిపోతుంది. నేను ఆడటం మొదలుపెట్టి 26 ఏళ్లయింది, పన్నెండేళ్లుగా వారాంతాల్లో కొత్తవాళ్లకి నేర్పుతున్నాను. క్రికెట్ నుంచి వచ్చినవాళ్లలో మీ కథే ఎక్కువగా చూశాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. అంతా కుడిచేతి వాటం లెక్కన చెబుతున్నాను.

ముందు బ్యాట్‌కీ క్లబ్‌కీ ఉన్న తేడా చూడండి. బ్యాట్‌లో బంతి తగలాల్సిన చోటు హ్యాండిల్‌కి సూటిగా కిందే ఉంటుంది. అందుకే స్ట్రెయిట్ డ్రైవ్‌లో బ్యాట్ ముఖం నిటారుగా పట్టుకుని ముందుకు తెస్తే చాలు, ముంజేతులు తిప్పక్కర్లేదు. గోల్ఫ్ క్లబ్‌లో తల షాఫ్ట్‌కి (క్లబ్ కడ్డీకి) ఒక పక్కకి వేలాడుతుంది. బరువంతా ఆ పక్కనే. బ్యాక్‌స్వింగ్‌లో చేతులు నడుం ఎత్తుకి వచ్చేసరికి క్లబ్ తల కొన ఆకాశం వైపు చూస్తుంది. బంతి దాటాక అవతల నడుం ఎత్తులో మళ్లీ ఆకాశం వైపే చూడాలి. అంటే ఈ రెండు చోట్ల మధ్య క్లబ్‌ఫేస్ (బంతికి తగిలే ముఖం) దాదాపు 180 డిగ్రీలు తిరిగింది. ఆ తిరుగుడులో పెద్ద వాటా ఒళ్లు తిరగడం వల్ల వస్తుంది, మిగతాది ముంజేతులూ మణికట్టూ ఇస్తాయి. ఒళ్లు మాత్రం తిప్పి, క్రికెట్ అలవాటు కొద్దీ చేతులు బిగబట్టి ఉంచితే ఆ రెండో వాటా రాదు. ఫేస్ తెరుచుకునే, అంటే కుడివైపు చూస్తూనే, ఉండిపోతుంది. మీ డ్రైవర్ షాట్‌లో జరుగుతున్నది చాలావరకు ఇదే.

మరి ఐరన్ ఎందుకు ఎడమకి పోతోంది? రెండింటిలోనూ క్లబ్ బయటి నుంచి లోపలికే, అంటే బంతికి అవతలి వైపు నుంచి మీ ఒంటివైపుకే, వస్తోంది, స్వింగ్ మారలేదు. బంతి బయల్దేరే దిక్కుని ఎక్కువగా క్లబ్‌ఫేస్ నిర్ణయిస్తుంది. క్లబ్ వచ్చే దారికీ ఫేస్‌కీ మధ్య ఉన్న తేడా బంతి వంపుని నిర్ణయిస్తుంది. ఏడో నంబర్ ఐరన్ పొట్టిది కాబట్టి ఫేస్ సకాలంలో మూసుకుని, వచ్చిన దారివైపే చూస్తోంది, బంతి ఆ దారినే నేరుగా ఎడమకి పోతోంది. డ్రైవర్ పొడుగు, లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) తక్కువ. ఫేస్ మూసుకోవడం ఆలస్యమవుతుంది, లాఫ్ట్ తక్కువ ఉండటం వల్ల ఆ కొద్ది తేడా కూడా పెద్ద వంపుగా కనిపిస్తుంది. కాబట్టి మీకు రెండు జబ్బులు లేవు. జబ్బు ఒకటే.

ఇప్పుడు గ్రిప్. బంతి ముందు నిలబడి తల వంచి మీ ఎడమచెయ్యి చూడండి. పిడికిలి కణుపులు ఎన్ని కనిపిస్తున్నాయి? ఒకటే కనిపించి, బొటనవేలు షాఫ్ట్ మీద నిటారుగా ఉంటే అది వీక్ గ్రిప్. క్రికెట్ వాళ్లలో చాలామంది ఇలాగే పట్టుకుంటారు, ఎందుకంటే బ్యాట్ మీద పైచెయ్యి కూర్చునే తీరు ఇదే. రెండు, రెండున్నర కనిపిస్తే మధ్యస్థం. మూడు దాటితే స్ట్రాంగ్ గ్రిప్. పేరు స్ట్రాంగ్ అయినా బలంగా నొక్కడానికీ దానికీ సంబంధం లేదు, చెయ్యి ఎంత కుడివైపుకి తిప్పి పట్టుకున్నామన్నదే లెక్క.

వీక్ గ్రిప్ పట్టుకున్నవాళ్లకి ఫేస్ మూసే పనిలో ముంజేతుల వాటా పెరుగుతుంది. స్ట్రాంగ్ గ్రిప్ వాళ్లకి ఆ వాటా తగ్గుతుంది, వాళ్లు ఒళ్లు ఆపకుండా తిప్పుతూ పోవాలి. ఒళ్లు ఆగి చేతులు తిరిగాయా, బంతి ఎడమకి వంపు తిరుగుతుంది, దాన్నే హుక్ అంటారు. మీ కోచ్ చెప్పిన "చేతులు మర్చిపో" స్ట్రాంగ్ గ్రిప్ ఉన్నవాడికి అమృతం. ఒక్క కణుపే కనిపించేవాళ్లకి, మీదీ అదే గ్రిప్ అనుకుంటున్నాను, అదే మాట విషం.

దీనికి ఇద్దరు గోల్ఫ్ మహానుభావుల్ని చూస్తే చాలు. బెన్ హోగన్ తన కెరీర్ మొదట్లో హుక్‌తో చాలా ఏళ్లు అవస్థపడ్డారు. తర్వాత గ్రిప్ వీక్ చేసుకుని, బ్యాక్‌స్వింగ్ పైన ఎడమ మణికట్టుని కొంచెం వెనక్కి, గిన్నెలా వంచడం అలవాటు చేసుకున్నారు. 1955లో లైఫ్ పత్రికలో ఆయన తన రహస్యమని బయటపెట్టింది దీన్నే. ఫేస్ అలా తెరిచి ఉంచుకున్నారు కాబట్టి కిందికి వచ్చేటప్పుడు చేతులూ ఒళ్లూ ఎంత బలంగా వాడినా బంతి ఎడమకి పోతుందన్న భయం ఆయనకి లేదు. డస్టిన్ జాన్సన్ సరిగ్గా దీనికి ఉల్టా. పైకి వెళ్లేసరికి ఆయన ఎడమ మణికట్టు బయటికి ఉబ్బి ఉంటుంది, ఫేస్ అప్పటికే మూసుకుని ఆకాశం చూస్తుంటుంది. అలాంటి మనిషి చేతులు తిప్పితే బంతి ఎక్కడికి పోతుందో చెప్పలేం. అందుకే ఆయన ఛాతీనీ తుంటినీ విపరీతంగా తిప్పుతూ చేతుల్ని దాదాపు అలాగే పట్టుకుని బంతిని దాటిస్తారు. ఆ స్వింగ్‌తోనే 2020 మాస్టర్స్ టోర్నమెంట్‌ని మొత్తం 268 దెబ్బల్లో గెలిచారు, అంత తక్కువ స్కోరు ఆ టోర్నమెంట్‌లో రికార్డు. హోగన్ మణికట్టు తీసుకొచ్చి జాన్సన్ ఒళ్లు తిరుగుడికి అతికిస్తే ఏమవుతుంది? బంతి కుడివైపు అడవిలో పడుతుంది. యూట్యూబ్‌లో ఒకరి దగ్గర గ్రిప్ నేర్చుకుని, ఇంకొకరి దగ్గర నడుం తిప్పడం నేర్చుకునేవాళ్లకి సరిగ్గా ఇదే జరుగుతోంది. నాకు బాధ కలిగించే విషయం ఇది. కష్టపడే మనుషులు, రోజుకి రెండు బుట్టల బంతులు కొట్టేవాళ్లు, తప్పు జత కుదుర్చుకుని ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతున్నారు.

ఇక చేతులూ ఒళ్లూ కలిసి పని చెయ్యడమంటే అసలు ఏమిటి? మాటల్లో కంటే చేసి చూస్తే త్వరగా తెలుస్తుంది. ఏడో నంబర్ ఐరన్ తీసుకోండి. క్లబ్ పిడి చివర మీ బొడ్డుకి ఆనించి, చేతులు కిందికి జరిపి షాఫ్ట్ మీద పట్టుకోండి. ఇప్పుడు మెల్లగా కుడికి తిరగండి, తర్వాత ఎడమకి. పిడి చివర బొడ్డు మీద నుంచి జారకూడదు. చేతులు మాత్రమే కదిలితే జారిపోతుంది. ఒళ్లు తిరిగితే క్లబ్, చేతులు, ఛాతీ ఒకే తలుపులా తిరుగుతాయి. నడుం ఎత్తు నుంచి నడుం ఎత్తు దాకా స్వింగ్‌లో ఉండాల్సిన సంబంధం ఇదే. చేతులు ఎప్పుడూ ఛాతీకి ఎదురుగానే ఉంటాయి.

అయితే ఇక్కడితో ఆగితే క్లబ్ నడుం దాటి పైకి పోదు. చేతులు చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉంది: ఎత్తడం, దించడం. ఒళ్లు అడ్డంగా తిరుగుతుంది, చేతులు ఛాతీ ముందు నిలువుగా పైకీ కిందికీ పోతాయి, మణికట్టు సుత్తి ఎత్తినట్టు మడత పడుతుంది. ఈ అడ్డం, ఈ నిలువు కలిస్తేనే ఆ ఏటవాలు వలయం వస్తుంది. కొత్తవాళ్లు చేసే పొరపాట్లలో సగానికి పైగా ఈ రెండింటిలో ఒకటి మర్చిపోవడమే. కొందరు తిరగకుండా చేతులు ఎత్తేస్తారు. కొందరు, మీలాగా, డౌన్‌స్వింగ్‌లో (క్లబ్ కిందికి వచ్చేటప్పుడు) చేతుల్ని దించకుండా తిరిగేస్తారు. చేతులు భుజం ఎత్తులో ఉండగానే ఛాతీ బంతివైపు తిరిగిపోతే వాటికి కిందికి దిగే చోటు ఉండదు. ముందుకు, బయటికి తోసుకుపోతాయి. అక్కడి నుంచి బంతి మీదికి రావాలంటే బయటి నుంచి లోపలికి కోస్తూ రావడం తప్ప దారి లేదు. మీరు నడుం ఇంకా గట్టిగా తిప్పినకొద్దీ స్లైస్ ఎందుకు పెరిగిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

దీనికి అవతలి తప్పు కూడా ఉంది. టైగర్ వుడ్స్ తన స్వింగ్ గురించి చెబుతూ చాలాసార్లు 'స్టక్' అనే మాట వాడేవారు. తుంటి అతి వేగంగా తిరిగిపోయి, చేతులు ఒంటి వెనకాల చిక్కుకుపోవడం. అప్పుడు ఆఖరి క్షణంలో చేతులు తిప్పి కాపాడుకోవాలి. కుదిరితే బంతి నేరుగా పోతుంది, కుదరకపోతే రెండు పక్కల ఎటైనా పోవచ్చు. ఆయన స్థాయి చేతులకి అది చాలాసార్లు కుదిరింది. అలాంటి ఆటగాడికే ఈ జత కుదుర్చుకోవడం జీవితకాలపు పని అయింది.

ఏది ముందు మొదలవ్వాలని కూడా అడిగారు. డౌన్‌స్వింగ్ కింది నుంచి పైకి మొదలవుతుంది. బరువు ఎడమ పాదం మీదికి, తుంటి, ఛాతీ, చేతులు, చివరికి క్లబ్. మంచి ఆటగాళ్లలో ఒకదాని వేగం తగ్గుతుంటే తర్వాతి దాని వేగం పెరుగుతుంది. 1968లోనే బ్రిటన్ శాస్త్రవేత్తలు స్వింగ్‌ని ఒకదానికొకటి కీలుతో కలిపిన రెండు కర్రల్లా లెక్కగట్టి చూపించారు. పై కర్ర భుజమూ చేతులూ, కింది కర్ర క్లబ్, మధ్య కీలు మణికట్టు. బంతి తగిలే సమయానికి చేతుల వేగం క్లబ్ తల వేగంలో సుమారు ఐదో వంతే ఉంటుంది. చేతులు అప్పటికే నెమ్మదిస్తూ ఉంటాయి, ఆ వేగమంతా క్లబ్‌కి పోతుంది.

ఊళ్లో జొన్నచేల మంచె మీద వడిసెల తిప్పేవాళ్లని చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. తిప్పే చెయ్యి పెద్ద దూరం పోదు. రాయి మాత్రం చేను అవతల పడుతుంది. నేను దీన్ని పుస్తకంలో నేర్చుకోలేదు. గోల్కొండ కోట పక్కన కోర్సులో ఒక పెద్దవయసు క్యాడీ (ఆటగాళ్ల బ్యాగు మోసే ఆయన) నేర్పారు. డిసెంబరు పొద్దున, గడ్డి మీద మంచు ఇంకా ఆరలేదు. నేను వరసగా నాలుగు బంతులు కుడికి పారేసుకున్నాక, ఆయన భుజం మీది తువ్వాలు తీసి కొసన ముడి వేశారు. అరచేతులు కాయలు కాచి, గోళ్ల అంచుల్లో ఎర్రమట్టి. తువ్వాలు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వెనక్కి తిప్పారు, ముడి వెళ్లి ఆయన వీపుకి తగిలే దాకా ఆగారు, అప్పుడు ఎడమకాలి మీదికి ఒరిగి తిరిగారు. ముడి చేతుల వెనకాలే వచ్చి, బంతి ఉండాల్సిన చోట చేతుల్ని దాటి 'సుయ్' మంది. "చేతులతో ముడిని తోస్తే తువ్వాలు మడిచిపోద్ది సార్, మీరు తోస్తున్నారు" అన్నారు. తువ్వాలు నా చేతికిచ్చారు. నేను తిప్పితే ముడి నా మోకాలికి తగిలింది. ఓ ఇరవైసార్లు తిప్పాక మొదటిసారి ఆ చప్పుడు వచ్చింది.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఇంగ్లండ్‌కి చెందిన ఎర్నెస్ట్ జోన్స్ అనే గోల్ఫ్ ప్రొఫెషనల్ జేబురుమాలు కొసకి చిన్న కత్తి కట్టి ఇదే పాఠం చెప్పేవారని. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, ఆయన కుడికాలు మోకాలి కింద పోయింది. ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి 18 హోల్స్ (ఒక పూర్తి రౌండ్) 83 దెబ్బల్లో ఆడారు. ఒళ్లు తిప్పడానికి కాలే లేని మనిషి అంత బాగా ఆడగలిగారంటే చేతుల శక్తి ఎంతో ఆలోచించండి. మీ పెద్దాయన చెప్పిన మాటలో నిజం ఇక్కడుంది. కానీ జోన్స్ కూడా ఒంటిని కట్టేసుకోలేదు. ఊపుని అడ్డుకోకుండా ఒళ్లు వెంట రావాలన్నారు.

ఇంకో సంగతి. డౌన్‌స్వింగ్ మొత్తం దాదాపు పావు సెకను. బంతి క్లబ్‌ఫేస్‌ని అంటుకుని ఉండేది సెకనులో రెండు వేలవ వంతు. ఈలోపల "ఇప్పుడు చేతులు తిప్పాలి" అని ఆలోచించి తిప్పడం ఏ మనిషికీ సాధ్యం కాదు. కాబట్టి ఫేస్ మూసే పని బంతి దగ్గర పెట్టుకోకండి. గ్రిప్‌లో కొంత, బ్యాక్‌స్వింగ్ పైన మణికట్టులో కొంత ముందే చేసి పెట్టుకోండి.

మీరు చెయ్యాల్సింది చెబుతాను. ఎడమచెయ్యి కుడికి తిప్పి పట్టుకోండి, రెండున్నర కణుపులు కనిపించేలా. వేళ్ల మొదళ్లలో పట్టుకోండి, అరచేతిలో కాదు. కుడి అరచెయ్యి లక్ష్యం వైపు చూస్తూ ఎడమ బొటనవేలిని కప్పాలి. చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నంత పట్టు చాలు. నేను మొదట్లో చచ్చేంత బిగించి కొట్టేవాణ్ని, మూడు నెలలు మోచేయి నొప్పితో అల్లాడిపోయాను. బిగిస్తే మణికట్టు కీలు పనిచెయ్యదు, కీలు లేకపోతే వడిసెల లేదు. మొదటి వారం ఈ గ్రిప్ చాలా తప్పుగా అనిపిస్తుంది. బంతులు ఎడమకి పోవచ్చు. టెన్షన్ పడకండి, అది మంచి లక్షణమే.

రెండోది, డౌన్‌స్వింగ్‌లో చేతులకి దిగే సమయం ఇవ్వడం. పైకి తీసుకెళ్లండి, అక్కడ ఆగండి. వీపు లక్ష్యం వైపు ఉండాలి. వీపుని అలాగే ఉంచి, బరువు ఎడమ పాదం మీదికి తెస్తూ, చేతుల్ని కుడిజేబు దాకా దించండి. మళ్లీ పైకి. ఇలా రెండుసార్లు దించి ఎత్తి, మూడోసారి ఆపకుండా తిరిగి కొట్టండి. వీపు అటే ఉంచాలనుకున్నా మూడోసారి ఛాతీ దానంతటదే తిరుగుతుంది, దాని గురించి ఆలోచించక్కర్లేదు. మొదటి రెండు రోజులు బంతి లేకుండా ఇంట్లోనే చెయ్యండి. తర్వాత ఎనిమిదో నంబర్ ఐరన్, నడుం ఎత్తు నుంచి నడుం ఎత్తు దాకా, రెండు చంకల కిందా ఒక్కో చేతిరుమాలు పెట్టి. షాట్ అయ్యాక కూడా రుమాళ్లు చంకల్లోనే ఉంటే చేతులూ ఛాతీ కలిసి వచ్చినట్టు. పడిపోతే ఏదో ఒకటి విడిగా పరిగెత్తినట్టు. మూడు వారాల పాటు డ్రైవర్ బ్యాగులోంచి తియ్యకండి. ఇది నచ్చదని తెలుసు, కానీ డ్రైవర్ పట్టగానే పాత అలవాటు తిరిగొస్తుంది.

నడుం నొప్పి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. నడుం దగ్గరి వెన్నుపూసలు మెలి తిరగడానికి చేసినవి కావు, అన్నీ కలిపినా పక్కకి పది పదిహేను డిగ్రీలకి మించి తిరగవు. నిజంగా తిరిగేవి తుంటి కీళ్లూ, ఛాతీ వెనక వెన్నూ. రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చునేవాళ్లకి తుంటి కీళ్లు బిగుసుకుపోతాయి. అప్పుడు "నడుం తిప్పు" అంటే నిజంగా నడుమే తిప్పుతారు. ఎడమ పాదం వేళ్లు కొంచెం బయటికి తిప్పి నిలబడండి. బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమ నేల నుంచి లేవాలనుకుంటే లేవనివ్వండి. 18 మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు) గెలిచిన జాక్ నిక్లాస్ మడమ ఎత్తే ఆడారు. భుజాలు 90 డిగ్రీలు తిరగాలని ఎక్కడో చదివి ఒళ్లు మెలిపెట్టుకోకండి, 75 తిరిగినా బంతి పోతుంది. నొప్పి కాలిలోకి దిగుతుంటే మాత్రం ఆట ఆపి డాక్టరుకి చూపించుకోండి.

మీ కోచ్‌ని మార్చక్కర్లేదు. వచ్చే క్లాసులో గ్రిప్ చూపించి, "ఈ గ్రిప్‌కి ఒళ్లు ఎంత తిరగాలి" అని అడగండి. ప్రశ్న అలా అడిగితే ఆయన చెప్పే జవాబు కూడా వేరుగా ఉంటుంది.

మూడు వారాల తర్వాత వీడియో పెట్టండి, చూసి చెబుతాను. ఫోన్‌లో స్లోమోషన్ సెకనుకి 240 ఫ్రేములు పెట్టుకోండి, డౌన్‌స్వింగ్‌కి అరవై బొమ్మలు వస్తాయి. ఫోన్ మీ వెనకాల, చేతుల ఎత్తులో, లక్ష్యం వైపు చూస్తూ ఉండాలి. ఇంకోటి ఎదురుగా, ఛాతీ ఎత్తులో. ఏడో నంబర్ ఐరన్‌తో మూడు షాట్లు చాలు. బాగా వచ్చినవే ఏరి పెట్టకండి, వరసగా వచ్చిన మూడు పెట్టండి.